పున్నయ్య ముక్కుపోగు

మా పున్నయ్యతో వేగడమంటే ఏమిటో అతనితో ఎడ్లబండిలో ఒక్క ప్రయాణం చేసినవాళ్ళకు తెలుస్తుంది. ఆ ఏడాది నేను చాలా చేశాను. బండి నాది, ఎడ్లు నావి, సందేహాలు అతనివి. నూర్పిళ్ళ రోజుల్లో కళ్ళం పాలేళ్ళకు వదిలేసి రాయచూరు జిల్లా అంతా తిరిగామంటే, అదంతా పున్నయ్య ముక్కుకున్న పిసరంత బంగారు పోగు కోసం. నా పెళ్ళికి కూడా నేనంత తిరగలేదు.

ఆ పోగు అతనికి పుట్టినప్పటినుంచీ ఉంది. తెనాలి దగ్గర పల్లెలో పుట్టాడు. అతనికి ముందు ముగ్గురు మగపిల్లలు పుట్టి పోయారు. మా వైపు అలాంటి ఇంట్లో నాలుగోవాడైనా నిలవాలని ముక్కు కుట్టించడం ఉన్నదే. ఏదో ఒక దేవుడికి మొక్కుకుంటారు, బిడ్డ ముక్కుకు పోగు వేస్తారు, పెళ్ళీడు వచ్చాక ఆ దేవుడి దగ్గరికే తీసుకెళ్ళి తీయించి హుండీలో వేస్తారు. పున్నయ్య విషయంలో ఆ తీయించడం జరగలేదు. తల్లి అతని చిన్నప్పుడే జ్వరంతో పోయింది. తండ్రిని అడిగితే, "మీ అమ్మ మొక్కుకుందిరా. ఏ దేవుడికో నాతో చెప్పలేదు" అనేవాడు. తర్వాత ఆయనా పోయాడు. ఎవరిదో తెలియని మొక్కు ముక్కున పెట్టుకుని పున్నయ్య ముప్పయ్యేళ్ళవాడయ్యాడు.

యాభై ఆరులో తుంగభద్ర కాలువ కింద భూములు చవగ్గా దొరుకుతున్నాయని మేము కొన్ని కుటుంబాలవాళ్ళం అక్కడ ఉన్నది అమ్ముకుని మాన్వి తాలూకాకు వచ్చేశాం. మల్లట్ అనే ఊరు దాటాక తుమ్మచెట్లు కొట్టి, నల్లరేగడి చదును చేసి, మట్టిగోడల మీద గడ్డి కప్పుకుని క్యాంపు వేసుకున్నాం. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని వింతగా చూసేవారు, మోకాలు లోతు నీళ్ళలో నిలబడి చేసే వ్యవసాయమేమిటని. పున్నయ్యను మరీ వింతగా చూసేవారు. చెవులకు పోగులున్న మగవాళ్ళు వాళ్ళలో బోలెడుమంది ఉన్నారు. ముక్కుకు ఉన్నవాణ్ణి మాత్రం ఇతన్నే చూశారు. కన్నడంలో ముక్కుపుడకను మూగుతి అంటారు. వాళ్ళు అతనికి మూగుతి పున్నప్ప అని పేరు పెట్టేశారు.

పున్నయ్యకు కోపం రాలేదు. అతనికి కోపం వచ్చేలోపు సందేహం వచ్చేది. "అది కాదు కేశవా, వాళ్ళు వెక్కిరిస్తున్నారా, గౌరవిస్తున్నారా?" అని నన్ను అడిగాడు. పొలం దగ్గర మాత్రం ఇలా కాదు. నీళ్ళు ఎటు వాలతాయో, ఏ మడికి ముందు పెట్టాలో ఒక్క చూపులో తేల్చేవాడు. సొంత ముక్కు దగ్గరికి వచ్చేసరికి మనిషి అయోమయంలో పడిపోయేవాడు.

మా క్యాంపులో శివరామకృష్ణయ్య గారని పెద్ద రైతు ఉండేవారు. ఆయన భార్య శ్యామలాదేవి గారు. వాళ్ళకు ఒక్కతే కూతురు కుసుమ. పున్నయ్యకు కుసుమంటే ఎంత ఇష్టమంటే, ఆమె కాలవ వెంట నడిచి వెళుతుంటే చూస్తూ చూస్తూ తెగిన గట్టు వదిలేసి మంచి గట్టు తవ్వేసేవాడు. కుసుమకూ ఇష్టమేనట. ఆ సంగతి ఆమె మా ఆవిడతో చెప్పింది, మా ఆవిడ నాతో చెప్పింది, నేను వెళ్ళి పిల్లనిమ్మని అడిగాను.

శివరామకృష్ణయ్య గారు సరేనన్నారు. షరతు శ్యామలాదేవి గారు పెట్టారు.

"పీటల మీద ఇద్దరికీ ముక్కున బంగారం మెరుస్తుంటే పెళ్ళికూతురెవరని అడుగుతారు కేశవరావు గారూ" అన్నారు ముందు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. గొంతు తగ్గించి, "నవ్వులాట కాదు. తీరని మొక్కు కట్టుకున్నదాని మీద పడుతుంది, దాని కడుపున పుట్టేవాళ్ళ మీద పడుతుంది. మాఘంలో ముహూర్తం పెట్టిస్తాం. ఆలోపు ఆ దేవుడెవరో కనుక్కుని, అక్కడ తీయించుకుని రమ్మనండి. లేకపోతే సింధనూరు వైపు సంబంధం ఒకటి ఉంది" అన్నారు.

నేను పున్నయ్యతో మొదటిరోజే చెప్పాను. "మీ పెద్దమ్మ ఉందిగా, బసవమ్మ గారు. మీ అమ్మ పురిటికి దగ్గరున్నది ఆవిడే అంటావుగా. తెనాలి వెళ్ళి అడిగి రా."

"అది కాదు కేశవా..." అని మొదలుపెట్టాడు. పెద్దమ్మకూ తండ్రికీ పడలేదట. తల్లి పోయినరోజే ఆవిడ శవం పక్కన నిలబడి, నా చెల్లెలికి సమయానికి డాక్టర్ని తీసుకురాలేదని తండ్రిని నానా మాటలూ అని వెళ్ళిపోయిందట. మళ్ళీ గడప తొక్కలేదు, తండ్రి పోయినా రాలేదు. "నన్ను చూస్తే ఆవిడకి నాన్న మొహమే కనిపిస్తుంది. తలుపు వేసేస్తే?" అన్నాడు. వేసేస్తే తట్టు అన్నాను. వినలేదు. దగ్గరున్న దారి వదిలేసి లోకమంతా తిరగడం అతనికి అలవాటు.

ముందు రాయచూరు బజారుకు వెళ్ళాం. అక్కడ రామలింగయ్య అని నగల దుకాణం ఆయన, ముక్కులూ చెవులూ కూడా తనే కుట్టేవాడు. తాతల కాలంనుంచీ రాయచూరే. తెలుగువాడే గాని ఆయన తెలుగు మా చెవికి ఎక్కడానికి కొంచెంసేపు పట్టేది.

"ఏంది, మొగోనికి ముక్కుపోగా? కూసోండ్రి. ఏం జేయాల?" అన్నాడు.

"తీయాలండీ. పెళ్ళి ఉంది" అన్నాడు పున్నయ్య.

రామలింగయ్య పట్కారు తీసి, పున్నయ్య గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పి, "ఏ దేవుని మొక్కు?" అని మామూలుగా అడిగాడు.

"అదే తెలియదండీ."

పట్కారు కింద పెట్టేశాడు. "తెల్వకుంట నేను ముట్ట. రేపు నీకేమన్న అయితే నా చెయ్యి మీదికొస్తది."

కాని మనిషి మాటకారి. చాయ్ తెప్పించాడు, తన విద్య గురించి మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నమంతా వింటూ కూర్చున్నాం. "కొందరు కుడిముక్కు అంటరు, కొందరు ఎడమ అంటరు, ఎవర్నడిగినా మాదే శాస్త్రం అంటరు. ముసల్మాన్ల ఇండ్లల్ల ఆడోళ్ళకు చెవి అంచుపొంటి బాలీలు కావాల. లంబాడోళ్ళ ఆడోళ్ళకు కొప్పు నుంచి చెవి దాంక వెండి వేలాడాల. కురుబోళ్ళ మొగోళ్ళకు చెవి పైన ఒంటిపోగు. మద్రాసుకు పోయినప్పుడు జూసిన, అక్కడి ముసలమ్మల చెవులు బుజాల మీదికి సాగినయి, అంత బరువు ఏసిన్రు చిన్నప్పటి సంది. బొంబాయిల ఒక ఓడల పని చేసే తెల్లోణ్ణి జూసిన. ఒక్క చెవికే బంగారు పోగు. ఎందుకయ్యా అంటె, సముద్రంల సచ్చి ఏ ఒడ్డుకో కొట్టుకపోతె, ఆడోళ్ళెవరో ఆ బంగారం అమ్మి బొంద పెడ్తరని జెప్పిండు. ఆఫ్రికాల పెదవికి బొక్క జేసి చెక్క పెట్టుకుంటరని మా నాయనకు ఒక అరబ్బు జమేదారు జెప్పిండంట."

పున్నయ్య నోరు తెరుచుకుని వింటున్నాడు. "ఇంతమంది ఎందుకండీ ఇలా కుట్టుకుంటారు?" అన్నాడు.

"ఒకడు దిష్టికంటడు, ఒకడు సొగసుకంటడు, ఒకడు రోగానికంటడు, ఒకడు దేవునికంటడు. నాకేమెరుక? నేను కుట్టెటోణ్ణి." అని మళ్ళీ పున్నయ్య ముక్కు పట్టుకుని చూశాడు. "గిది మాత్రం మా కంసాలోళ్ళ పని గాదు. వంకర వోయింది. ఎవరో చెయ్యి వణుక్కుంట కుట్టిన్రు. నా మాటిను, దేవసూగూరుకు పో. సూగూరేశ్వరుడు పెద్ద దేవుడు. అడిగితె ఏదన్న దారి సూపిస్తడు."

తిరుగుబండిలో పున్నయ్య ఆ చెయ్యి వణికిన సంగతి పట్టుకున్నాడు. ఎందుకు వణికింది, ఎవరిది ఆ చెయ్యి అని ఒకటే గోల. "ఎవరో ముసలి పూజారి అయ్యుంటాడు" అన్నాను, నోరు మూయించడానికి. అనకుండా ఉండాల్సింది. అప్పటినుంచి ముసలి పూజారి ఉన్న గుడి కనిపిస్తే చాలు, బండి ఆపమనేవాడు.

నాకూ పిచ్చి పట్టింది. ఎవర్ని చూసినా ముందు చెవులూ ముక్కూ కనిపించేవి. మా ఆవిడ ముక్కుకు రెండు వైపులా ఉన్నాయి, ఇన్నేళ్ళ కాపురంలో ఎందుకని అడగలేదు. అడిగితే, "మా అమ్మ కుట్టించింది" అంది. మీ అమ్మకెవరు చెప్పారంటే, "వాళ్ళమ్మ" అంది. నా రెండు చెవులకూ చిన్నప్పటి కన్నాలు పూడిపోయిన గుర్తులున్నాయి. వాటి కథేమిటో నాకూ తెలియదు. బండికి కట్టిన ఎద్దు ముక్కుతాడు ఒక్కదానికే కారణం స్పష్టంగా కనిపించింది.

దేవసూగూరుకు జాతర రోజుల్లోనే వెళ్ళాం. కృష్ణ ఒడ్డంతా జనం. డోళ్ళ మోతలో ఒక పురవంతుడు, అంటే వీరభద్రుడి పేరున ఒళ్ళంతా ఆవేశంతో ఆడేవాడు, ఇనప చువ్వ ఈ చెంపనుంచి ఆ చెంపకు గుచ్చుకుని గంతులేస్తున్నాడు. చుక్క రక్తం లేదు. పున్నయ్య నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆట అయ్యాక చువ్వ తీసి విభూతి అద్దుకుని అతను బెల్లం నీళ్ళు తాగుతుంటే, పున్నయ్య వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నొప్పి పుట్టదా అని అడగలేదు. "మీకు ఎవరి కోసం గుచ్చుకుంటున్నారో తెలుసు కదండీ?" అని అడిగాడు.

"తెల్వకేంది? నా సామి కోసం" అన్నాడు పురవంతుడు. "పొద్దుగాల గుచ్చుకుంటం, మాపటికి తీస్తం. నీది ఎన్నాళ్ళ సంది ఉన్నది?"

"పుట్టినప్పటి సంది."

"అట్లయితె మీ దేవుడు శానా ఓపికోడు" అన్నాడతను.

గుళ్ళో పూజారి మంచివాడు. "ఏ దేవుని మొక్కయితేంది, ఈడ తీసేయి. సామి అందరియి తీసుకుంటడు" అన్నాడు. మామూలు మనిషైతే అక్కడితో పోగు తీసి హుండీలో వేసి ఇంటికి వచ్చేవాడు. పున్నయ్య, "అది కాదు స్వామీ, అసలు దేవుడికి కోపం రాదా, నాది ఈయనకిచ్చేశాడని?" అన్నాడు. అప్పుడు పున్నయ్య గర్భగుడి ఎదుట, దీపం వెలుగు మొహాన పడేలా నిలబడి, తల పైకెత్తి ముక్కు బాగా కనిపించేలా పెట్టి, "స్వామీ, నేను పున్నయ్యను. తెనాలి దగ్గర పుట్టినవాణ్ణి. మా అమ్మ పేరు సుబ్బాయమ్మ. ఈ పోగు నీదేనా?" అని గట్టిగా అడిగాడు. వెనక వరసలో ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను వేరే ఎవరితోనో వచ్చినట్టు స్తంభం పక్కకు జరిగాను.

ఆ తర్వాత ప్రతిచోటా అదే తంతు. యరగేర దారిలో ఒక హనుమంతుడి గుళ్ళో పూవు అడిగించాం. అక్కడ విగ్రహానికి తడిపూలు అంటించి ప్రశ్న అడుగుతారు. కుడిపక్క పూవు రాలితే అవునని, ఎడమపక్కది రాలితే కాదని అర్థం. పున్నయ్య అడిగితే రెండూ ఒక్కసారే రాలాయి. ఒక దర్గాకు వెళితే దాన్ని చూసుకునే ముజావరు నెమలీకలతో తల నిమిరి గురువారం రమ్మన్నాడు. గురువారం వెళితే అమావాస్య వెళ్ళనిమ్మన్నాడు. అన్నిచోట్లా పున్నయ్య తల పైకెత్తి, ముక్కు చూపించి, పేరూ ఊరూ తల్లి పేరూ చెప్పి మరీ అడిగి వచ్చాడు. దేవుళ్ళెవరూ అవుననలేదు, కాదనలేదు.

రెండో పంట నాట్లు మొదలయ్యాయి. మా మళ్ళలో నాట్లు వేసే ఆడవాళ్ళకు పెద్ద హుచ్చమ్మ. మల్లట్ మనిషి. నారు కట్టలు అందిస్తున్న పున్నయ్యను చూసి, "ఏంది పున్నప్పా, ఇంక దొర్కలేదా నీ దేవుడు?" అంది.

"లేదు హుచ్చమ్మా."

"నాకు ముందుగాల నలుగురు పోయిన్రంట. మా అవ్వ నన్ను పెంటకుప్ప మీద పడేసి మళ్ల ఎత్తుకొచ్చి హుచ్చమ్మ అని పేరు పెట్టింది. హుచ్చి అంటే పిచ్చిదని. గా పేరే నా ముక్కుపోగు అనుకో. మనుమలొచ్చిన్రు, ఇంక పిచ్చిదాన్నే. నేను తీస్కున్ననా? నీకేం తొందర?"

"నాకు పెళ్ళి ఉంది."

"నాకు గాలేదా పెండ్లి?" అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. పున్నయ్య నవ్వలేదు. ఆ రోజంతా, పేరు తీసేయకపోయినా హుచ్చమ్మకు పెళ్ళెలా అయింది, తనకెందుకు కావడం లేదు అని ఆలోచిస్తూ నారు కట్టలు తప్పు మడిలో వేశాడు.

మాఘం వచ్చేసింది. శివరామకృష్ణయ్య గారు నన్ను పిలిపించి, "పందిరి రాటలు తెప్పించాను కేశవరావు గారూ. ఎవరి పెళ్ళికో మీరే చెప్పాలి" అన్నారు. సింధనూరు వాళ్ళు వచ్చే ఆదివారం పిల్లను చూడ్డానికి వస్తున్నారట. ఆ సాయంత్రం కుసుమ మా ఇంటికి వచ్చింది. ఏడుపూ గీడుపూ ఏం లేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"ఆ పోగుంటే నాకేం ఇబ్బంది లేదన్నయ్య గారూ. చూసి చూసి అలవాటైపోయింది. కాని మొక్కు మాట వస్తే మా అమ్మ వణికిపోతుంది. ఎందుకో చెప్పదు. ఆవిణ్ణి కాదని నేను పీటల మీద కూర్చోలేను. ఆదివారంలోపు పున్నయ్య బావ ఏదో ఒకటి తేల్చుకుని రాకపోతే నేను చేసేదేం లేదని చెప్పండి."

ఇక నాకు ఒళ్ళు మండింది. పున్నయ్యను మడిలోంచి బురదకాళ్ళతో బయటికి లాగి, పంచె మార్పించి, రాయచూరు స్టేషనుకు తీసుకెళ్ళి రైలెక్కించి, నేనూ ఎక్కాను. గుంతకల్లులో దిగి ఇంకో బండి పట్టుకునేటప్పుడు కూడా, "అది కాదు కేశవా, ముందు ఒక ఉత్తరం రాసి..." అంటున్నాడు. నేను విననట్టు మూట నెత్తిన పెట్టుకుని ముందు నడిచాను.

తెనాలిలో పెద్దమ్మ బసవమ్మ గారు వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. బాగా ముసలిదైపోయింది గాని చూపు తీక్షణంగా ఉంది. మేము వెళ్ళి నిలబడితే ఆవిడ పున్నయ్య మొహం చూడలేదు. ముక్కు చూసింది. "ఇంకా ఉందా?" అంది. తలుపు వేయలేదు. పీట జరిపి కూర్చోమంది.

పున్నయ్య కూర్చోకుండానే అడిగాడు. "పెద్దమ్మా, ఇది ఏ దేవుడి మొక్కు? కోటప్పకొండదా? మంగళగిరిదా? తిరుపతిదా?"

"ఏ దేవుడి మొక్కూ కాదురా."

"అది కాదు పెద్దమ్మా, అమ్మ మొక్కుకుందని నాన్న..."

"మీ నాన్నకి అలా చెప్పింది. మొక్కంటే మగాళ్ళు ఇంకేం అడగరని." ఆవిడ చేతులు చింతపండులోనే ఉన్నాయి. "ముందు ముగ్గురికీ మొక్కింది. మొదటివాడికి కొండెక్కింది. రెండోవాడికి పొర్లుదండాలు పెట్టింది. మూడోవాడికి ఒంటి మీది బంగారమంతా హుండీలో వేసింది. ఒక్కడూ దక్కలేదు. నువ్వు పుట్టావు. నన్ను పిలిచి తలుపు గడియ వేయమంది. అక్కా, ఈ దేవుళ్ళకి నా బిడ్డల్ని చూపించిన కొద్దీ తీసుకుపోతున్నారు, వీణ్ణి చూపించను, దాచేస్తాను అంది. సూది కాల్చి తనే కుట్టింది. చెయ్యి ఒకటే వణుకు. నేను కుడతానే అన్నా ఇవ్వలేదు. పైనుంచి చూసినవాళ్ళు ముక్కుపోగు చూసి ఎవరో ఆడపిల్ల అనుకుని వెళ్ళిపోతారని దాని ఆశ."

పున్నయ్య నిలబడ్డవాడు కూర్చున్నాడు. "అమ్మ గుడికి వెళ్ళేది కదా. నన్ను నీ దగ్గర వదిలేసి వెళ్ళేది. నాకు గుర్తుంది."

"వెళ్ళేది. మానేస్తే వాళ్ళకి అనుమానం వస్తుందని. వెళ్ళి, నాకు ఒక్క బిడ్డా లేడు స్వామీ అని చెప్పి ఏడ్చి వచ్చేది. నిన్ను ఏ గుడికైనా ఎత్తుకెళ్ళిందా? పుట్టువెంట్రుకలు తీయించిందా? దానికీ మీ నాన్నకీ రోజూ అదే గొడవ."

నేను ఊరుకోవాల్సింది. నోరు ఆగలేదు. "అమ్మా, ఈయన ఈ మధ్య రాయచూరు జిల్లాలో ఏ దేవుణ్ణీ వదల్లేదు. అందరికీ ముక్కు చూపించి, ఇది నీదేనా అని అడిగి వచ్చాడు" అన్నాను.

బసవమ్మ గారు తట్ట పక్కకు నెట్టింది. "పేరు కూడా చెప్పావురా?"

"పేరూ, ఊరూ, అమ్మ పేరూ" అన్నాడు పున్నయ్య.

ఆవిడ చింతపండు చేతులతోనే తల పట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఏడ్చిందో నవ్విందో నాకు ఇప్పటికీ తెలియదు. చాలాసేపటికి పున్నయ్యే అడిగాడు, మరి దీన్ని ఎప్పుడు తీయాలనుకుంది అని.

"తీసే మాటే లేదు. పెద్దవాడయ్యాక అందరూ నవ్వుతారే, పిల్లనెవరిస్తారే అని నేనే అన్నాను. నవ్వనీ అక్కా, పెళ్ళి కాకపోనీ, ఉంటే చాలు అంది."

తిరుగు రైలులో పున్నయ్య మాట్లాడలేదు. అతను మాట్లాడకపోతే బాగుండునని నేను కోరుకున్న రోజులు చాలా ఉన్నాయి గాని ఆ రోజు మాత్రం భయం వేసింది. కిటికీలోంచి ఏ గోపురం కనిపించినా కండువా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. గోపురం దాటిపోయాక తీసేవాడు. గుంతకల్లు దాటాక అన్నాడు, "అయితే నేనిప్పుడు కనిపించేసినట్టేనా కేశవా?"

"ఎవరికి?"

"వాళ్ళకి."

నాకు దేవుడి మీద నమ్మకముంది. ఆ తల్లి మీద కోపం లేదు. ఈ రెండూ ఒక్క బుర్రలో ఎలా ఇముడుతాయో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. కండువా అడ్డం పెట్టుకున్న ఆ మొహం చూస్తే మాత్రం నాకు ఏడుపు వచ్చింది. వచ్చిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

అతని చిక్కు ముందుకన్నా పెద్దదైంది. ఇన్నాళ్ళూ ఏ దేవుడిదో తెలియక తీయలేకపోయాడు. ఇప్పుడు ఏ దేవుడిదీ కాదని తెలిసింది, ఎవరైనా తీసేయొచ్చు. రామలింగయ్య ఒక్క నిమిషంలో తీసేస్తాడు. తీస్తే కుసుమ దక్కుతుంది. రాయచూరులో దిగాక బజారు వైపు వెళ్ళే సందు దగ్గర నేను ఆగాను. పున్నయ్య కూడా ఆగాడు. కొంచెంసేపు నిలబడి, మాన్వి వెళ్ళే బస్సు వైపు నడిచాడు. ఎటో ఒకటి తేల్చుకున్నాడా, దారి మరిచిపోయాడా అన్నది నాకు అర్థం కాలేదు.

సింధనూరు వాళ్ళు రావడానికి ముందురోజు సాయంత్రం శివరామకృష్ణయ్య గారి ఇంటికి వెళ్ళాం. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. కుసుమ తలుపు పక్కన నిలబడింది. శ్యామలాదేవి గారు లోపల వంటింట్లో ఉన్నారు. పున్నయ్య ముక్కుకు పోగు ఉండటం అందరూ చూశారు.

"దేవుడు దొరకలేదన్నమాట" అన్నారు శివరామకృష్ణయ్య గారు.

"దేవుడు లేడండీ ఇందులో" అన్నాడు పున్నయ్య. అని, పెద్దమ్మ చెప్పిందంతా చెప్పాడు. అతను ఏ సంగతైనా చెబితే మధ్యలో నాలుగుసార్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెడతాడు. ఆ రోజు ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు. చివర్లో, "నేను దీన్ని తీయనండీ. తీయాలో వద్దో నాకు తెలియదు. మా అమ్మ దాచింది, నేను వెళ్ళి చూపించేసుకున్నాను. ఇప్పుడు ఇది ఎందుకైనా పనికొస్తుందో లేదో కూడా తెలియదు. కాని తీయలేను. కుసుమకి మంచి సంబంధం చేయండి" అన్నాడు. అని లేచాడు.

శివరామకృష్ణయ్య గారు నా వైపు చూశారు. నేను నేల చూశాను. వంటింటి గుమ్మంలో శ్యామలాదేవి గారు ఎప్పుడు వచ్చి నిలబడ్డారో తెలియదు. చేతికి పిండి ఉంది.

"ఆ ముగ్గురికీ పేర్లు పెట్టారా బాబూ?" అని అడిగారు.

పున్నయ్య నా వైపు చూశాడు. అన్ని ఊళ్ళు తిరిగాం, అందరు దేవుళ్ళ పేర్లూ అడిగాం. ఆ మాట అడగాలని మా ఇద్దరికీ తట్టలేదు.

"తెలియదండీ. అడగలేదు" అన్నాడు.

ఆవిడ గడప మీద కూలబడ్డారు. "కుసుమకి ముందు నాకు ఇద్దరు" అన్నారు. కుసుమ తల్లి వైపు తిరిగింది. ఆ సంగతి ఆమె వినడం అదే మొదటిసారని ఆమె మొహం చూస్తే తెలిసింది. శివరామకృష్ణయ్య గారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"సింధనూరు వాళ్ళకి రావద్దని కబురు పెట్టండి" అన్నారు శ్యామలాదేవి గారు భర్తతో. "ముహూర్తం మార్చొద్దు. ఆ పోగు జోలికి ఎవరూ వెళ్ళొద్దు."

పున్నయ్యకు మళ్ళీ సందేహం వచ్చింది. "అది కాదండీ, మరి మీరే కదా..."

"నాకా తెలివి లేకపోయింది బాబూ" అన్నారావిడ. "నా ఇద్దర్నీ నేనే ఎత్తుకెళ్ళి గుడి గుడికీ చూపించి వచ్చాను."